కామాటిపుర అమ్ములపొది



మీ ఇంట్లో పదేళ్ళ లోపు పిల్లవాడు ఉంటే, వాడు ఏదో ఒకనాడు చీపురు పుల్లలు నాలుగు వీపున దోపుకుని, వంగిన కట్టె ఒకటి చేతపట్టుకుని "నేను రాముణ్ణి" అంటూ మీ ముందుకు వచ్చే ఉంటాడు. ఆ పుల్లల కట్టే ఇవాళ్టి నా ప్రసంగ విషయం. పుస్తకాల్లో దాన్ని తూణీరం అంటారు, మనం అమ్ములపొది అంటాం. తెర మీద రాముడి వీపునో, లవకుశుల వీపునో కనబడే ఆ వస్తువును ఇంట్లో, చేతికందిన సామానుతో ఎలా తయారు చేశారో చెబుతాను. చేసింది బొంబాయిలో, కామాటిపురలో. చేసినవాడు మా మేనమామ. సంవత్సరం 1988.

కామాటిపుర అన్న పేరు వినగానే మీలో కొందరు పక్కనున్న పిల్లల వంక చూసి రేడియో గొంతు తగ్గించే ఉంటారు. కనుక ముందు ఆ పేరు సంగతి చెప్పి, తర్వాత అమ్ములపొది దగ్గరికి వస్తాను.

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మన జిల్లాల్లో ఒక మాట ఉంది. ఊళ్ళో పని దొరకనివాడు పోయే మూడు దారులు అవి. వీటిలో బొంబాయి దారి చాలా పాతది. పద్దెనిమిదో శతాబ్దంలో బొంబాయి అంటే ఏడు దీవులు. సముద్రపు పోటు వచ్చినప్పుడల్లా దీవుల నడుమ పల్లాలు మునిగిపోయేవి. మహాలక్ష్మి దగ్గర హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట వేసిన తర్వాత ఆ పల్లపు నేల కొంత తేలింది. 1795 మొదలు నైజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు పనివాళ్ళు ఆ తేలిన నేల మీద గుడిసెలు వేసుకున్నారు. మట్టి మోసేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు, సున్నం కలిపేవాళ్ళు. కట్టుబడి పని చేసేవాణ్ణి కామాటి అన్నారు, కామాటులున్న చోటు కామాటిపుర అయింది. ఆ పేరుకు అంతకు మించి అర్థం ఏమీ లేదు శ్రోతలారా. అది పనిచేసే మనుషుల పేరు.

బొంబాయి వెళ్ళిన వాళ్ళెవరైనా బోరీబందరు స్టేషను ఎదుట నగరపాలక సంస్థ భవనం చూసే ఉంటారు. పెద్ద గోపురం, రాతి చెక్కడాలు, చూస్తే మెడ నొప్పి పుట్టే ఎత్తు. ఎఫ్. డబ్ల్యు. స్టీవెన్స్ అనే ఇంగ్లీషు శిల్పి దాని నమూనా గీశాడు. 1884లో పునాదిరాయి పడింది, 1893లో పని పూర్తయింది. గుత్తకు తీసుకుని కట్టించినవాడు మాత్రం మనవాడు, వెంకు బాలాజీ కాలేవార్. మంజూరైన సొమ్ము 11,88,082 రూపాయలు, ఖర్చయింది 11,19,969 రూపాయలు. అంటే 68,113 రూపాయలు మిగిలాయి. సర్కారు కట్టడంలో సొమ్ము మిగలడం అనే విశేషాన్ని మా బడిలో పిల్లలకు లెక్కగా ఇస్తుంటాను. తీసివేత సరిగానే చేస్తారు గాని, నమ్మడానికి కొంత సేపు పడుతుంది.

ఈ కాలేవార్, జయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగు గుత్తేదారులు మహాత్మా జోతిరావు ఫూలేకు అండగా నిలిచారు. 1873లో పూణేలో ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజం బొంబాయిలో నిలదొక్కుకోవడానికి తోడ్పడినవాళ్ళలో వీళ్ళు ముందు వరసలో ఉన్నారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళ హయాంలోనే కామాటిపురలోని కొన్ని గల్లీలలో వేరే వ్యాపారం పెరిగి, ఊరంతటికీ ఆ ముద్రే పడింది. అక్కడి ఆడవాళ్ళ కష్టం ఇంకొక ప్రసంగానికి తగిన విషయం, దాన్ని ఇక్కడ నాలుగు మాటలతో దాటేయడం నాకిష్టం లేదు. పక్క గల్లీలో తెల్లవారకముందే లేచి పనికి పోయే తెలుగు సంసారాలు తరతరాలుగా ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇక తెర సంగతి. కామాటిపురకు గ్రాంట్ రోడ్డు స్టేషను నడిచిపోయేంత దూరం. ఆ స్టేషనుకు దగ్గరలోనే, కెనడీ వంతెన పక్కన అర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ స్టూడియో ఉండేది. మొదటి హిందీ టాకీ 'ఆలం ఆరా' 1931లో అక్కడే తీశారు. పక్కనే రైలుపట్టాలు ఉండడం వల్ల, బళ్ళు నిలిచిపోయిన తర్వాత రాత్రిపూట చిత్రీకరణ జరిపేవారట. మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను కూడా హెచ్. ఎం. రెడ్డి గారి దర్శకత్వంలో ఇంపీరియల్ వారే బొంబాయిలో తీశారు. 1932 ఫిబ్రవరి 6న అది బొంబాయిలోనే కృష్ణా సినిమాలో మొదట ఆడింది. అందులో లీలావతి సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య గారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి నాటకాన్నే తెరకెక్కించారు.

సురభి వారిని గురించి సరిహద్దు జిల్లాల వాళ్ళం ఒక మాట గుర్తుంచుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచక వధ'తో ఆ సమాజాన్ని మొదలుపెట్టారు. వాళ్ళ పూర్వులు మరాఠీ దేశం నుంచి వచ్చిన తోలుబొమ్మలాట వాళ్ళు. ఇంట్లో ఆరె మరాఠీ, రంగస్థలం మీద తెలుగు. గోదావరికి ఇరువైపులా రెండు భాషలతో బతికే మనకు ఇందులో వింత కనిపించదు. కిరీటం, గద, భుజకీర్తులు, అమ్ములపొది వంటివి నాటక సమాజాల్లో చాలావరకు ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకున్నవే. సినిమాకు కూడా ఆ అలవాటే మొదట్లో ఉండేది. ఫాల్కే గారు 1912లో దాదర్‌లో తాము ఉన్న ఇంటి దగ్గరే 'రాజా హరిశ్చంద్ర' తీస్తుంటే, ఆయన భార్య సరస్వతీబాయి వంట చేసి పెట్టడమే కాక ఫిలింకు రంధ్రాలు పొడిచే పని కూడా చేసింది.

తెలుగులో లవకుశుల కథను సి. పుల్లయ్య గారు 1934లో ఒకసారి తీశారు. ఆయన, సి. ఎస్. రావు గారు కలిసి రంగుల్లో తీసిన 'లవకుశ' 1963లో వచ్చింది. బళ్ళు కట్టుకుని వచ్చి చూసిన సినిమా అది. మా మామ దాన్ని ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు.

ఇప్పుడు 1988కి వద్దాం. నాకు అప్పుడు పదేళ్ళు. దసరా సెలవులకు అమ్మ నన్ను బాసరలో రైలెక్కించుకుని, మన్మాడులో బండి మార్చి, బొంబాయి తీసుకెళ్ళింది. మామ వాళ్ళది చాళ్‌లో ఒక ఖోలీ. చాళ్ అంటే పొడుగాటి వరండా, దాని వెంట వరసగా ఒంటి గదులు, చివర అందరికీ కలిపి నల్లా, పాయఖానా. ఆ ఒక్క గదిలో అమ్మమ్మ, మామ, అత్తమ్మ, ముగ్గురు పిల్లలు, ఆ పైన మేమిద్దరం.

మామ లోయర్ పరేల్‌లో ఒక బట్టల మిల్లులో సైజింగు ఖాతాలో పనిచేసినవాడు. పడుగు నూలు మగ్గం మీద తెగకుండా దానికి గంజి పట్టించే ఖాతా అది. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. ఆ సమ్మెను విరమించామని ఎవరూ ప్రకటించలేదు, వేలమందికి పనీ తిరిగి దొరకలేదు. మామ ఆ వేలమందిలో ఒకడు. 1988 నాటికి ఆయన వారమంతా భివండిలో సాంచెల మీద పనిచేసి, సెలవునాడు ఇంటికి వచ్చేవాడు. మనిషి మాట తగ్గిపోయిందని అమ్మ రైలులోనే చెప్పింది.

గల్లీలోని తెలుగు పిల్లలు దసరాకు లవకుశ నాటకంలో ఒక రంగం వేస్తున్నారు. దాదర్ వైపు ఒక తెలుగువారి సభలో ప్రదర్శన. లవుడి వేషం వేయవలసిన పిల్లవాడికి జ్వరం తగిలింది, పాత్ర నా మెడకు చుట్టుకుంది. అంతకు ముందు ఏడాదిన్నర పాటు ఆదివారం ఉదయం దేశమంతా దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ గారి రామాయణం చూసింది. నేనూ మా ఊళ్ళో పంచాయతీ టీవీ ముందు కూర్చుని చూశాను. నాకు కావలసింది ఆ రాముడి వీపున మెరిసే బంగారు అమ్ములపొది. మామ ఇంటికి రాగానే అదే అడిగాను.

"అల్లుడా, టీవీల రాముడు మారాజు. గంత బంగారం మనకాడ ఏడికెళ్ళి వస్తది? నువ్వు లవుడివి. అడవిల పుట్టినోడివి. నీకు గోనెగుడ్డ చాలు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కాని ఆయన మర్నాడు భివండికి పోలేదు. రెండు రోజుల కూలి పోగొట్టుకుని నా అమ్ములపొది మీద కూర్చున్నాడు.

మొదట చొక్కాల పెట్టె అట్టను చుట్టి గొట్టం చేశాడు. పొడవు మూరెడు, పై మూతి ఆరు అంగుళాలు, కింద నాలుగు. అడుగున సగం కొబ్బరి చిప్పను బోర్లించి బిగించాడు, గుండ్రంగా నిండుగా వచ్చింది. దాని మీద వార్తాపత్రిక ముక్కలను మైదా జిగురుతో అంటించి వరండాలో ఆరబెట్టాడు. తెల్లారి చూస్తే సగం లేదు. ఎలుకలు తినేశాయి. అత్తమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

రెండోసారి మామ మిల్లు విద్య బయటికి తీశాడు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పలచగా ఉడికించాడు. చింతపిక్కల పిండి నూలుకు గంజిగా వాడే సరుకేనని ఆయనకు ఖాతాలో తెలుసు. చేర్యాల ముఖాలు చేసేవాళ్ళు రంపపు పొట్టు కలిపేది కూడా ఈ చింతపిక్కల జిగురులోనే అని నేను పెద్దయ్యాక చేర్యాల వెళ్ళినప్పుడు తెలుసుకున్నాను. ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపాడు. పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా కలిపేది అదే. అది విషం సుమా, మీరు ఎవరైనా చేయదలిస్తే ఆ పని పెద్దవాళ్ళే చేయాలి, పిల్లల చేత ముట్టించకూడదు. అయిదు పొరల కాగితం, ఒక్కొక్క పొర ఆరిన తర్వాతే ఇంకొకటి. పైన గోనెగుడ్డ చుట్టి, టీ డికాషనులో జేగురు కలిపి అద్దాడు. దూరం నుంచి చూస్తే అచ్చం చెట్టు బెరడు. మూతి చుట్టూ మాత్రం అత్తమ్మ తన పాత చీర జరీ అంచు కత్తిరించి కుట్టింది. "సీతమ్మ కొడుకే గదా" అన్నది.

బాణాలు ఏడు. వెదురు పుల్లలు, తోకలకు పాత పెళ్ళిపత్రికల అట్ట. ఇక్కడొక చిక్కు వచ్చింది. వాల్మీకి వేషధారికి దండం పెట్టడానికి నేను వంగగానే ఏడు బాణాలూ ఆయన నెత్తిన పడ్డాయి. మామ తెగిపోయిన హవాయి చెప్పు అడుగును గుండ్రంగా కోసి మూతి లోపల బిరడాలా దిగ్గొట్టాడు. దానికి ఏడు చిల్లులు. ఆరింటిలో జానెడేసి తోక ముక్కలు బిగించి జిగురు పెట్టాడు, అవి బయటికి రావు. ఏడోది మాత్రం నిండు బాణం, అడుగు దాకా దిగుతుంది, లాగితే వస్తుంది. "ఒక్కటే ఏస్తవు నువ్వు, తక్కినయి చూపెట్టుటానికే" అన్నాడు. వంగినా, గెంతినా ఆ తర్వాత ఒక్కటీ జారలేదు.

అన్నింటికంటె కష్టమైంది దాన్ని వీపున నిలపడం. మంచానికి అల్లే నవారు ముక్కతో భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా పట్టీ కట్టాడు. నాలుగు అడుగులు వేసేసరికి పొది చంక కిందికి తిరిగిపోయేది, పట్టీ మెడను కోసేది. మామ రెండుసార్లు ముడి మార్చినా కుదరలేదు. అప్పటిదాకా మూల కూర్చుని చూస్తున్న అమ్మమ్మ లేచింది. ఆమె వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో కట్టే మేడలకు సున్నం, ఇటుక మోసింది.

"పట్టీ మెడకు తాకనియ్యకురా. రెండు రెక్కల నడుమ కూసోబెట్టు. కిందికెళ్ళి నడుముకు ఇంకో కట్టు కట్టు. గప్పుడు ఊగదు" అన్నది. తనే నన్ను నిలబెట్టి, బొటనవేలితో వీపున చోటు నొక్కి చూపించింది. మామ అలాగే కట్టాడు. పొది నా ఒంట్లో భాగమైనట్టు నిలిచింది. ఆమె నా వీపు మీద నొక్కిన చోటు ఇప్పటికీ చెప్పగలను.

పక్క ఖోలీలో రేకు పని చేసే ఆయన కొడుకు కుశుడు. ఆ తండ్రి తన కొడుక్కు రేకుతో పొది చేశాడు. నాదానికంటె ఎంతో అందంగా వచ్చింది, మెరుగు పెట్టాడు కూడా. కిరాణా కొట్టు తరాజులో వేస్తే నాది ఆరు వందల గ్రాములు, అది రెండు కిలోలకు దగ్గర. రెండో రంగానికల్లా పాపం కుశుడు ముసలివాడిలా వంగి నడుస్తుండేవాడు.

చూడడానికి బరువుగా ఉండాలి, మోయడానికి ఉండకూడదు. ఈ చిక్కు ఎక్కడైనా ఒక్కటే. 1984లో అమెరికాలో 'ఘోస్ట్‌బస్టర్స్' అనే సినిమా వచ్చింది. అందులో దయ్యాలను పట్టేవాళ్ళు వీపున పెద్ద యంత్రం ఒకటి మోస్తారు. ఫైబర్‌గ్లాసు డొప్పకు పైపులు, వైర్లు, అంగడిలో దొరికే మామూలు విడిభాగాలు బిగించి, సైనికుల సంచీ చట్రానికి తగిలించి దాన్ని తయారు చేశారు. అది నటుల వీపులు వంచేంత బరువు. అందుకని దూకే, పడే సన్నివేశాలకు నురుగు రబ్బరుతో తేలికపాటివి వేరే చేయించారు. దాని నకలును అట్టతోనూ ప్లాస్టిక్ గొట్టాలతోనూ ఇళ్ళల్లో చేసుకుని తగిలించుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్ళు కూడా చివరికి తల పట్టుకునేది పట్టీల దగ్గరే. వాళ్ళకు మా అమ్మమ్మ దొరకలేదు, అంతే తేడా.

ప్రదర్శన రోజు వచ్చింది. సభవాళ్ళకు మా పంతులుగారు రాసిచ్చిన చీటీలో "కామాటిపుర బాలబృందం" అని ఉంది. వేదిక పక్కన ఒక పెద్దమనిషి ఆ చీటీ చదివి, కలం తీసి, ఆ పేరు కొట్టేసి "బొంబాయి సెంట్రల్ బాలబృందం" అని రాశాడు. "ఆడవాళ్ళు, పిల్లలు వచ్చారు కదండీ" అన్నాడు. మా పంతులుగారు ఏమీ అనలేదు. మామ ఆ పక్కనే నా పొది పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనా ఏమీ అనలేదు. మేకప్ వేసే అబ్బాయి దగ్గర ఎర్రరంగు కుంచె అడిగి తీసుకుని, నా అమ్ములపొది మీద పైనుంచి కిందికి, వీపు వైపు కాకుండా జనానికి కనబడే వైపు, తెలుగులో "కామాటిపుర" అని రాశాడు. తర్వాత తెచ్చి నాకు కట్టాడు.

గుర్రాన్ని కట్టేసే చోట లవుడు జనానికి వీపు చూపి నిలబడాలి. నిలబడ్డాను. నడుము కట్టు సరిచేసే తొందరలో మొదటి రెండు అక్షరాలు గోనెగుడ్డ మడతలోకి పోయాయి, మిగిలింది "టిపుర". ముందు వరసలో ఒకాయన పక్కాయనతో "త్రిపుర అని తప్పు రాశారు, ఈ పిల్లలు త్రిపుర నుంచి వచ్చారేమో" అనడం నాకు స్పష్టంగా వినబడింది. నాటకం బాగా జరిగింది, చప్పట్లు కొట్టారు. తిరిగి వస్తుంటే బస్సులో ఈ సంగతి మామకు చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ సెలవుల్లో ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం అదొక్కసారే చూశాను.

ఊరికి వచ్చాక బడిలో, సెలవులకు ఎక్కడికి పోయావని అడిగారు. కామాటిపుర అన్నాను. ఒక పెద్దాయన నవ్విన తీరు అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంట్లో చెబితే నాన్న "ఇకమీదట గ్రాంట్ రోడ్డు అని చెప్పు" అన్నాడు. శ్రోతలారా, నేను ఇరవై ఏళ్ళు గ్రాంట్ రోడ్డు అనే చెప్పాను. ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పాను, పెళ్ళిచూపుల్లో చెప్పాను. మామ చనిపోయినప్పుడు సెలవు చీటీలో కూడా అదే రాశాను. కర్మకాండలు అయ్యాక అత్తమ్మ గోడ మేకుకు వేలాడుతున్న అమ్ములపొదిని దించి, పాత చీరలో చుట్టి నా చేతికిచ్చింది. రంగు వెలిసింది గాని అక్షరాలు అయిదూ చదవడానికి వస్తున్నాయి.

ఇప్పుడది మా బడిలో ఉంది. ఏటా ఎవరో ఒక పిల్లవాడు లవుడో, రాముడో అవుతాడు, దాన్ని కట్టుకుంటాడు. కట్టేటప్పుడు పట్టీ మెడకు తాకకుండా రెక్కల నడుమ నేనే కూర్చోబెడతాను. "సార్, కామాటిపుర అంటే ఏంది?" అని అడగని పిల్లవాడు లేడు. నగరపాలక భవనం లెక్క దగ్గర మొదలుపెట్టి చెబుతాను. చింతపిక్కల జిగురు ఇంతవరకు పొర లేవలేదు. ఎలుకలు దాని జోలికి రాలేదు. నవారు మాత్రం రెండుసార్లు మార్చాను.